బట్టీ ఆమె తాలూకు

అన్నయ్య పరుగెత్తడం డ్రైవరమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బడి గంట మోగినా, వాన ముంచుకొచ్చినా, ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆయన నడక ఒకటే. ముప్పై ఎనిమిదేళ్ళు బడి వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేసిన హెడ్మాస్టరు నడక. అలాంటి మనిషి ఇప్పుడు బండి పక్క అద్దంలో, ఆ ఊరి పాత బడి గేటులోంచి, ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ పెట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు.

"వదినా, అన్నయ్యని కుక్క తరుముతోందేమో చూడు!" అంటూ డ్రైవరమ్మ ఇంజను స్టార్టు చేసేసింది.

వెనక పొయ్యి గట్టు దగ్గరున్న వదిన కిటికీలోంచి తల బయటపెట్టింది. కుక్కా లేదు, నక్కా లేదు. అన్నయ్య వచ్చి బండి మెట్టు మీద చతికిలబడి, రొప్పుతూ రెండు చేతులూ పైకెత్తాడు.

"దొరికాడమ్మాయ్! తాత దొరికాడు! తాత దొరికాడు!"

ఏ సంగతైనా మూడుసార్లు చెప్పడం ఆయనకి అలవాటు. మూడోసారికి ఊపిరి చాలక నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

నీళ్ళు తాగి, చెప్పు కాలికి తొడుక్కుని, అప్పుడు చెప్పాడు. బడిలో పిల్లల్ని చేర్చుకునే రిజిస్టరు చెదలు తినగా సగం మిగిలిందట. ఆ సగంలోనే తాత పేరుంది. వయసు తొమ్మిది. తండ్రి పేరూ, అంటే ముత్తాత పేరూ ఉంది. ఆ తండ్రి పుట్టిన చోటు అన్న గడిలో 'తెల్ల బురుజు వద్ద' అని రాసి ఉంది.

"తెల్ల బురుజా!" వదిన గరిటె చేతిలో ఉండగానే చప్పట్లు కొట్టింది. "నా జాబితాలో అది ఉందండీ! మెట్లన్నీ లోపలే గుండ్రంగా తిరుగుతాయట, పైకెక్కితే మూడు లోయలు కనిపిస్తాయట. మొన్న నేనడిగితే మన దారిలో లేదన్నారు మీరు."

"ఇప్పుడదే దారి," అన్నాడు అన్నయ్య.

ఆ ఇంటిబండి ఒకప్పుడు పొట్టి బస్సు. డిపోవాళ్ళు పక్కన పడేసిన దాన్ని డ్రైవరమ్మ తెచ్చుకుని, సీట్లు ఊడబీకించి, వడ్రంగి పక్కన తనే నిలబడి కొలతలు చెప్పి, మడత మంచాలు, మడత బల్ల, పొయ్యి గట్టు చేయించింది. గుంతల్లో పడ్డప్పుడు తలుపులు తెరుచుకోకుండా అలమరాలకి గొళ్ళేలు పెట్టించింది. పద్నాలుగు కిలోమీటర్ల రూటులో ముప్పై ఒక్క ఏళ్ళు అటూ ఇటూ బస్సు తోలిన మనిషికి, మైలురాళ్ళ మీద గంటకొక కొత్త పేరు ఎదురవుతుంటే ఒళ్ళు తేలిపోతోంది. ప్రయాణం పెట్టుకున్నది అన్నయ్య వంశవృక్షం కోసమే అయినా, షరతు పెట్టింది వదిన: రోజుకొక పాత రికార్డుల దుమ్ము గది ఆయనకి, రోజుకొక వింత తనకి. నాలుగు రోజుల్లో ఒక జలపాతం, ఒక గుహ, గాలికి అరిగి పుట్టగొడుగుల్లా నిలబడ్డ రాళ్ళ లోయ అయిపోయాయి. దుమ్ము గదుల్లో మాత్రం ఇవాళే మొదటిసారి ఏదైనా దొరకడం.

అన్నయ్య పొడుగాటి రేకు గొట్టంలోంచి కాగితం చుట్ట తీసి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు పెట్టాడు. స్కేలుతో కొట్టిన గళ్ళు, ఎర్ర సిరా గీతలు. పైన ఖాళీగా ఉన్న గడిలో ముత్తాత పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, ఊది ఆరబెట్టాడు. డ్రైవరమ్మ వంగి చూసింది. మగవాళ్ళకి గళ్ళు, వాళ్ళ భార్యలకి గడి పక్కన చిన్న అక్షరాలు. తన పేరు వెతుక్కుంది. అన్నయ్య గడి పక్కనుంచి ఒక సన్నగీత దిగి, తన పేరు కింద నల్లటి చుక్కతో ఆగిపోయింది.

"ఈ చుక్కేంటన్నయ్యా?"

"గీత అక్కడితో సరి అని గుర్తమ్మాయ్. పిల్లల్లేని వాళ్ళకి అందరూ అలాగే వేస్తారు. నేను కొత్తగా పెట్టిందేం కాదు."

"ఓహో, నేను బస్టాపనుకున్నాను," అని డ్రైవరమ్మ నవ్వేసింది. నవ్వుతూనే, కాగితం ఎగురుతోందన్న వంకతో, కప్పు జరిపి ఆ చుక్క మీద పెట్టింది.

అన్నయ్య అది గమనించే ధ్యాసలో లేడు. "ఇక ఒక్క మెట్టు. ముత్తాత తండ్రి దొరికాడంటే మన ఇంటిపేరు గుట్టు తేలిపోతుంది. ఊరికే బట్టీవాళ్ళు అన్నారా మనల్ని? మహాపండితుడై ఉంటాడు ఆయన. బండెడు పుస్తకాలు బట్టీ పట్టి, కొలువులో పేజీ తిప్పకుండా అప్పజెప్పి ఉంటాడు. బట్టీ ఆయన, బట్టీ ఆయన అనీ అనీ చివరికి అదే ఇంటిపేరయిపోయింది."

"మరి ఆ జ్ఞాపకశక్తి మీదాకా రాలేదేమండీ? నిన్న ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చారు," అంది వదిన.

అన్నయ్యక్కూడా నవ్వాగలేదు. వదిన వెనక తలుపు వేసి, బండి పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి "రైట్, రైట్!" అని అరిచింది. డ్రైవరమ్మ గేరు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం, కొండదారిలో ఏడో మలుపు తిరిగేసరికి బురుజు కనిపించింది. ఆకాశానికి ఎవరో సుద్దముక్క ఆనించి పెట్టినట్టుంది. డ్రైవరమ్మ తనకి తెలియకుండానే హారన్ కొట్టింది. "అదిగో! అదిగో!" అని వదిన కిటికీ పట్టుకుని లేచి నిలబడింది. అన్నయ్య కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

బురుజు కింద మైదానంలో బండి ఆపి, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టేలోపే అన్నయ్య పురపాలక కార్యాలయం ఎక్కడో కనుక్కుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ బురుజు దగ్గరికి నడిచారు. ఒక పక్కంతా వెదురు పరంజా కట్టి ఉంది. పనివాళ్ళు బొక్కెనలు తాళ్ళతో పైకి లాగి, చీపురంత కుంచెలతో సున్నం కొడుతున్నారు. కొట్టిన మేర ఎండకి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది.

గుమ్మం పక్కన నల్లరాతి పలక ఉంది. వదిన ఏ పలకనీ చదవకుండా వదిలే రకం కాదు. "నమూనా గీసినాయన. పెద్ద తాపీ మేస్త్రి. ఇనుప పని చేసినాయన. మెట్ల రాళ్ళు చెక్కినాయన. అబ్బో, రాళ్ళు మోసిన గాడిదల్ని తోలినాయన పేరు కూడా వేశారే!" అని, చదవడానికి ఆనుకున్న గోడనుంచి లేచేసరికి ఆవిడ కుడి భుజమంతా తెల్లగా అయింది. దులుపుకుంటే అరచెయ్యి తెల్లబడింది గానీ భుజం మీది తెల్లదనం పోలేదు. "ఊరంతటికీ పేరేశారు గానీ, నాకంటుకున్న ఈ సున్నం ఎవరిదో మాత్రం రాయలేదు చూశావా?"

రెండు వందల పన్నెండు మెట్లు. నూరో మెట్టు దగ్గర వదిన మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే డ్రైవరమ్మ వెనకనుంచి తోసింది. పైకి చేరేసరికి చెమటలు కక్కుతున్నారు. మూడు లోయలూ మూడు రంగుల్లో ఉన్నాయి. గాలికి ఇద్దరి జుట్టూ ఒకే వైపు ఎగిరింది. ఇంటిబండి కింద అగ్గిపెట్టెలా కనబడుతోంది. "మీ ముత్తాత చిన్నప్పుడు ఈ గాలే పీల్చాడన్నమాట," అంది వదిన. ఆ మాటకి డ్రైవరమ్మ కిందికి వంగి చూసింది. అప్పటిదాకా ముత్తాత అంటే కాగితం మీద ఒక గడి. ఇప్పుడు ఈ రాళ్ళ మధ్య ఎక్కడో ఒక పిల్లాడు పరుగెత్తుతున్నట్టే అనిపించింది.

దిగీ దిగగానే అన్నయ్యని పిలుచుకురావడానికి వెళ్ళింది. రికార్డు గది నాలుగింటికి మూసేస్తారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య పొడుగుబల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పరుపు దిండు మీద పెట్టిన లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. ఆయన వేలు ఒక వరస మీద ఉంది. చదువుతున్నట్టు లేదు. ఆ వరసని కప్పి పెట్టినట్టుంది.

"దొరికాడా?" అంది డ్రైవరమ్మ ఆశగా.

అన్నయ్య పుస్తకం మూసేశాడు. "మనవాళ్ళు కాదు. వేరే బట్టీవాళ్ళెవరో."

అంతే. బయటికొచ్చి, బండి దాకా నడిచి, కాళ్ళు కడుక్కుని, రొట్టె తిని, రేకు గొట్టానికి మూత బిగించి అలమరా అడుగున పెట్టేశాడు. "రేపు ఇంటికి బయల్దేరదాం. ఇక చూసేదేం లేదు," అన్నాడు. వదిన వాదించబోయి, ఆయన మొహం చూసి గిన్నెలు కడగడానికి లేచింది. డ్రైవరమ్మ గిన్నెలు తుడుస్తూ ఆలోచించింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా మూడుసార్లు చెప్పే మనిషి, ఇంత దూరం వచ్చి వెతికిన సంగతి ఒక్కసారే చెప్పాడు.

పొద్దున్నే బండిలో నీళ్ళ ట్యాంకు ఖాళీ అయిందని చెప్పి, రెండు క్యాన్లు పట్టుకుని బయల్దేరింది. కొళాయి పురపాలక కార్యాలయం ఆవరణలోనే ఉంది. క్యాన్లు నింపి గోడ పక్కన పెట్టి, పది గంటలకి రికార్డు గది తలుపు తెరిచేదాకా కొళాయి గట్టు మీదే కూర్చుంది.

రికార్డులావిడ సన్నగా, చురుగ్గా ఉంది. మెడలో కళ్ళజోడు, చేతిలో మెత్తటి కుంచె. పుస్తకాల అంచుల దుమ్ము పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడుస్తోంది.

"నిన్న మా అన్నయ్య చూసిన పుస్తకం నేనూ చూడొచ్చాండీ?"

"మాస్టారుగారి చెల్లెలా? కూర్చోండి. పెన్ను బయటికి తీయొద్దు, పెన్సిలైతే ఫరవాలేదు." తెల్ల తొడుగులిచ్చింది. "ఆయన ఒకే పేజీ మీద ముప్పావుగంట కూర్చున్నారు. నకలు రాసిమ్మంటారా అంటే వద్దన్నారు. నన్నే చిన్నబుచ్చినట్టయింది. అంత మంచి పేజీ!"

డ్రైవరమ్మ తొడుగులు తొడుక్కుంది. బురుజు కడుతున్న రోజుల్లో, చుట్టూ గుడిసెలు వేసుకున్న పనివాళ్ళ ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జనం లెక్క అది. నూట ముప్పై ఏళ్ళు దాటింది. సిరా ఇటుక రంగుకి తిరిగింది. రికార్డులావిడ కుంచె పిడితో వరస చూపించింది. డ్రైవరమ్మ పెదవులు కదుపుతూ, ఒక్కొక్క మాటే చదువుకుంది.

'బట్టీ పక్క గుడిసె. బట్టీ ఆమె. వివాహము లేదు. పని: సున్నము కాల్చుట. ఈమె కింద పనివారు పదకొండుగురు. సముద్రతీరమునుంచి వచ్చినది, గుల్లసున్నపు పని తెలిసినది. ఇంట బాలుడు ఒకడు, వయసు నాలుగు. బురుజు పునాది కాలువలో దొరికిన బిడ్డ. కన్నవారు తెలియరు. ఈమె పెంచుచున్నది.'

పక్కన పిల్లాడి పేరు. అన్నయ్య మొన్న గుండ్రటి అక్షరాలతో రాసి, ఊది ఆరబెట్టిన పేరే. దాని ముందు ఇంటిపేరు గడిలో: 'బట్టీ ఆమె కొడుకు.'

డ్రైవరమ్మ రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే నవ్వు పొంగుకొచ్చింది. తెల్ల తొడుగుల చేత్తో నోరు మూసుకుంది. పండితుడూ లేడు, కొలువూ లేదు. బట్టీ అంటే సున్నపు బట్టీ! నోటికి పట్టిన పుస్తకాలు కాదు, నిప్పుల్లో కాల్చిన రాళ్ళు! నవ్వు తగ్గాక ఇంకో మాట మీద చూపు నిలిచిపోయింది. వివాహము లేదు. కనలేదు. అన్నయ్య పద్ధతిలో అయితే ఈ మనిషి కింద నల్లటి చుక్క పడాలి. కానీ తాతా, నాన్నా, అన్నయ్యా, తనూ అందరూ ఇక్కడినుంచే బయల్దేరారు. ఇప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆవిడ పేరు?"

"అదే లేదండీ," అంది రికార్డులావిడ. "ఆ పేజీలో నలభై ఇళ్ళున్నాయి, అందరికీ పేర్లున్నాయి. ఈవిడని అందరూ అలాగే పిలిచేవారేమో, రాసినాయన అడగనే లేదు. ఇది కూడా చూడండి." ఇంకో పుస్తకం తెచ్చి తెరిచింది. "ఇది పదేళ్ళ తర్వాతి లెక్క. కుర్రాడికి పద్నాలుగు. ఇంటిపేరు గడిలో 'బట్టీ' ఒక్కటే ఉంది. 'ఆమె' పోయింది, 'కొడుకు' పోయింది."

డ్రైవరమ్మ ఆ రెండక్షరాల మీద వేలు పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎంతోమంది ఆమె బస్సెక్కి దిగారు. ఒక్కరూ పేరడగలేదు. అందుకామె ఎప్పుడూ బాధపడలేదు. ఇక్కడ మాత్రం ఒళ్ళు మండింది.

"రెండు పేజీలకీ నకలు రాసిస్తారా అమ్మా?"

"రాసిస్తాను. అన్నట్టు ఆ బట్టీ ఇంకా ఉంది, తెలుసా? బురుజు వెనకదారిలో పావుగంట. మధ్యలో ఎవరో రంగు డబ్బాలు తెచ్చి కొడితే రెండు వానలకి పెచ్చులూడిపోయింది. మళ్ళీ ఆ బట్టీ సున్నమే కొడుతున్నారు."

క్యాన్లు రెండూ చేతుల్లో బరువే లేనట్టు తిరిగొచ్చింది డ్రైవరమ్మ. బండిలో అన్నయ్య దుప్పట్లు మడత పెడుతున్నాడు. వదిన కాఫీ కలుపుతోంది.

"అన్నయ్యా, ఆ పేజీ చూశాను."

దుప్పటి అంచులు కలవలేదు. అన్నయ్య విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఏ పేజీ?"

"నువ్వు ముప్పావుగంట కూర్చున్న పేజీ."

వదిన చెంచా గట్టు మీద పెట్టేసింది. "ఏం పేజీ? ఏముంది అందులో? నాకు చెప్పకుండా మీరిద్దరూ ఏం నడుపుతున్నారు?"

డ్రైవరమ్మ నిలబడే చెప్పింది. చేతులు తిప్పుతూ, బట్టీ ఆమె కింద పదకొండు మంది పనివాళ్ళని చెప్పేటప్పుడు గొంతు పెంచి, కాలువలో దొరికిన బిడ్డ అనేటప్పుడు తగ్గించి, నకలు కాగితం వదిన ముందు పెట్టింది. వదిన చదివి, కాఫీ సంగతి మర్చిపోయి బెంచీ మీద కూర్చుండిపోయింది.

అన్నయ్య దుప్పటి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చదివేశారుగా. ఇప్పుడు చెప్పండి, ఏ గడిలో రాయమంటారు దీన్ని? కొత్త క్లాసు మొదలైన ప్రతిసారీ పిల్లలకి చెప్పేవాణ్ణి, మా పెద్దలు పుస్తకాలు నోటికి పట్టినవాళ్ళురా, మీరు ఒక్క పద్యం పట్టలేరా అని. ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పాను! అది చెప్పుకునే నిలబడ్డాను. తీరా వచ్చి చూస్తే చెట్టుకి వేరన్నదే లేదు." దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకున్నాడు. "మన ముత్తాత ఎవరి బిడ్డో ఎవరికీ తెలియదమ్మాయ్."

"తెలియకేం? రాసుంది కదా."

"ఏం రాసుంది?"

"'బట్టీ ఆమె కొడుకు' అని. ఎవరి బిడ్డో ఇంత తేటగా రాసి ఉంటే, నువ్వు మాస్టారువి, నేను చదివి చెప్పాలా?"

"అది పెంపకం మాట. రక్తం మాట వేరు."

వదిన కాగితం మీదనుంచి తలెత్తింది. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగింది.

"ఏవండీ, నేను మీ ఇంటికొచ్చి నలభై ఏళ్ళయింది. నాలో మీ రక్తం బొట్టైనా లేదు. మరి నేనెవర్నండీ?"

"నువ్వు వేరే..." అనబోయి అన్నయ్య ఆగిపోయాడు. ఆ మాట ఎంత వికృతంగా వినిపించిందో ఆయన చెవులకే తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇలాంటి ప్రశ్న ఏ ఇన్‌స్పెక్టరూ వేసి ఉండడు.

డ్రైవరమ్మ దిగి చక్రాల కింద చెక్కముక్కలు తీసేసి, వచ్చి సీట్లో కూర్చుంది. "అలమరాల గొళ్ళేలు చూసుకోండి. కదులుతున్నాం."

"ఇంటికేనా?" అన్నాడు అన్నయ్య నీరసంగా.

"ఇవాళ వింత చూసే వంతు నాది. అయిపోయాక నువ్వెక్కడికంటే అక్కడికి."

బట్టీ రాతితో కట్టిన పెద్ద బావిని నేల మీద నిలబెట్టినట్టుంది. కింద చిన్న నోరు, పైన పెద్ద నోరు. పైకి ఎక్కడానికి మట్టి కట్ట. బట్టీ మేస్త్రి యాభై ఏళ్ళ మనిషి. కనుబొమ్మలు కూడా సున్నపు దుమ్ముతో తెల్లబడి, అసలు వయసుకంటే ముసలివాడిలా, నవ్వితే మాత్రం కుర్రాడిలా ఉన్నాడు. చూడ్డానికి వచ్చామంటే సంబరపడిపోయాడు. పిడికిలంత సున్నపురాళ్ళు ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి మూడు రోజులు కాలుస్తామని, మంట రంగు చూసి గాలి పెంచుతామో తగ్గిస్తామో తేలుస్తామని చెప్పాడు. కాలిన రాయి ఒకటి తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు.

"ఇంత తేలికా!" అన్నాడు అన్నయ్య అప్రయత్నంగా.

"సగం బరువు మంటకి పోతుందండీ. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోవాలి కాలిందో లేదో. ఇప్పుడు చూడండి. కాస్త దూరం జరగండమ్మా, కళ్ళు జాగ్రత్త."

తొట్టిలో నాలుగు రాళ్ళు వేసి చెంబెడు నీళ్ళు పోశాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత రాయి లోపలినుంచి సన్నగా చిటపటమంది. పగుళ్ళు విచ్చాయి. ఆవిరి గుప్పుమని లేచింది. రాళ్ళు ఉబ్బి, పువ్వుల్లా విడిపోయి, బుసలు కొడుతూ ఉడకడం మొదలుపెట్టాయి. పొయ్యి లేదు, మంట లేదు, తొట్టెడు తెల్లటి ముద్ద తనంతట తనే కుతకుతలాడుతోంది. వదిన "అమ్మో, అమ్మో" అంటూ డ్రైవరమ్మ భుజం పట్టుకుని గెంతింది. "ఏవండీ, పిల్లల్ని ఎముకలు సున్నం చేస్తానని ఊరికే బెదిరించలేదన్నమాట మీరు. ఇంటి విద్యే!"

మేస్త్రి పగలబడి నవ్వాడు. డ్రైవరమ్మ అన్నయ్య వైపు చూసింది. ఆయన నవ్వలేదు. తొట్టి మీదనుంచి కళ్ళు తిప్పుకోలేకపోతున్నాడు. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తీసి చేత్తో పట్టుకున్నాడు. "పనివాళ్ళు ఎంతమంది కావాలి దీనికి?" అని అడిగాడు. "రాయి ఎక్కడినుంచి వస్తుంది? బంక ఏం కలుపుతారు? ఇంత వేడి మీద చేతులు కాలవా?" ఒకదాని మీద ఒకటి, ముందు బెంచీ కుర్రాడిలా అడుగుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు నలుగురం. అప్పట్లో పది పన్నెండు మంది ఉండేవారట," అన్నాడు మేస్త్రి. "ఈ బట్టీ కట్టించింది ఒకావిడండీ. మా తాత చెప్పేవాడు. సముద్రం దిక్కునుంచి వచ్చిందట. అక్కడ రాళ్ళు కాదు, గుల్లలు కాలుస్తారు. ఇటు రండి, చూపిస్తాను."

బట్టీ వెనక్కి తీసుకెళ్ళాడు. గోడకి అడుగున పాత గచ్చు మిగిలి ఉంది. దాంట్లో బియ్యపు గింజలంత, గోళ్ళంత, అక్కడక్కడా బొటనవేలంత గవ్వలు, గుల్లలు పొదిగి ఉన్నాయి. "సముద్రం ఇక్కడికి రెండు రోజుల దారి. మోసుకొచ్చి మరీ కలిపింది. ఎందుకో మాకు తెలీదు."

అన్నయ్య గొంతుక్కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, చూపుడు వేలితో ఒక గవ్వ అంచు నెమ్మదిగా తడిమాడు. పక్కదాన్ని తడిమాడు. డ్రైవరమ్మ ఆయన వీపునే చూస్తూ నిలబడింది.

"ఇంతకీ మీరెవరి తాలూకండీ? ఇక్కడిదాకా ఎవరూ రారు, బురుజు చూసి పోతారు," అన్నాడు మేస్త్రి.

డ్రైవరమ్మ నోరు తెరిచేలోపే అన్నయ్య, అలా కూర్చునే, గోడవైపు తిరిగే చెప్పాడు.

"ఆవిడ తాలూకేనండీ. ఆవిడ మా ముత్తాతకి తల్లి."

ఒక్కసారే చెప్పాడు అనుకుంది డ్రైవరమ్మ. కానీ ఆయన లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, మేస్త్రి చెయ్యి పట్టుకుని మళ్ళీ చెప్పాడు. "మా ముత్తాతకి తల్లి. మా ముత్తాతని కాలువలోంచి తీసి పెంచిన తల్లి."

మేస్త్రి రెండు చేతులతో ఆయన చెయ్యి ఊపేశాడు. తర్వాత వెనక్కి తిరిగి బట్టీ కుర్రాళ్ళకి గట్టిగా కేకేశాడు. "ఒరేయ్, బురుజు దగ్గరికి పరుగెత్తి కుంచెలు మూడు దించమనండి! బట్టీ అమ్మ మనవలు వచ్చారు!"

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ బురుజు అడుగు వరస కొట్టారు. కుంచె ముంచి, బొక్కెన అంచుకి ఒత్తి, కిందినుంచి పైకి ఒక చెయ్యి, పక్కనుంచి పక్కకి ఒక చెయ్యి. తడిగా ఉన్నప్పుడు సున్నం పలచగా, ఏమీ లేనట్టే కనిపిస్తుందని, ఆరాకే తెల్లదనం బయటికొస్తుందని మేస్త్రి చెప్పాడు. వదిన ఒక చోట పలచబడిందని తిరిగి కొట్టబోతే ఆగమన్నాడు. ఆగితే నిజంగానే వాళ్ళ కళ్ళ ముందే ఆ గోడ తెల్లబడింది. అన్నయ్య గీత తప్పకుండా, బోర్డు మీద రాసినంత శ్రద్ధగా కొట్టాడు. చెవుల దాకా సున్నమే. పలక దగ్గరికొచ్చినప్పుడు కుంచె ఆపి, గాడిదలు తోలినాయన పేరు దాకా చదివాడు. మేస్త్రిని పక్కకి పిలిచి, "ఆవిడ పేరేమైనా విన్నారా మీ తాత నోట?" అని అడిగాడు. మేస్త్రి చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"అందరూ బట్టీ అమ్మ అనేవారండీ. అసలు పేరు ఆ సముద్రం ఒడ్డునే ఎవరికైనా తెలియాలి. గుల్లలు కాల్చేవాళ్ళు ఇంకా ఉన్నారు అక్కడ, ఏరు సముద్రంలో కలిసే చోట."

మర్నాడు తెల్లారగానే బయల్దేరారు. ఎప్పుడూ వెనక బల్ల దగ్గర కూర్చునే అన్నయ్య వచ్చి డ్రైవరమ్మ పక్క సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో రోడ్డు మ్యాపు, దాని మీద పెన్సిలు. గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా పోలేదు. వదిన వెనకనుంచి నిన్న పరంజా మీద ఎంత ఎత్తు ఎక్కిందో చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఆ ఎత్తు రెండు నిచ్చెనలు పెరుగుతోంది.

కొండ కింద దారి రెండుగా చీలింది. ఎడమ పక్కది ఇంటికి. డ్రైవరమ్మ బండి నెమ్మది చేసింది.

"ఎటు పోనిమ్మంటావ్ అన్నయ్యా?"

అన్నయ్య మ్యాపు మీదనుంచి తలెత్తలేదు. పెన్సిలుతో ఏటి గీత వెంట కిందికి, ఇంకా కిందికి జరిగి, నీలం రంగు మొదలైన చోట ఆగాడు.

"ఏరు కలిసే చోటికి. గుల్లలు కాల్చే ముసలివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఆవిడ పేరు కనుక్కోవాలి. ఆవిడ అమ్మ పేరు కూడా."

"సముద్రమా!" వెనకనుంచి వదిన కేక. "అయితే రెండు రోజుల వింతలు నావే!"

డ్రైవరమ్మ కుడివైపు లైటు వేసింది. వెనక కనుచూపు మేరలో ఇంకో బండి లేకపోయినా, చెయ్యి బారెడు బయటికి చాపి, గాలికి వేళ్ళు విప్పి మలుపు తిప్పింది.